ఎర్ర పెన్ను గీతలు నాకు వినపడవు

తెలుగు ప్రచురణకర్తలకు, పత్రికల సంపాదకులకు, డీటీపీ చేసేవాళ్లకు ఒక ప్రూఫ్‌రీడర్ బహిరంగ లేఖ

అయ్యా, అమ్మా,

పోయిన నెలలో ఒక సాయంత్రం నా ఫోనులో వాట్సాప్ వరసగా మోగడం మొదలైంది. ఆగాక తీద్దామని కూర్చున్నాను. నలభై రెండు సార్లు మోగి ఆగింది. ఒక కథల పుస్తకం సెకండ్ ప్రూఫ్ అది. రచయితగారు ప్రింటు తీయించుకుని, ఎర్ర పెన్నుతో దిద్ది, పేజీ పేజీకీ ఫొటో తీసి ప్రచురణకర్తకు పంపారట. ఆయన వాటిని అలాగే నాకు తోసేశారు. చివర ఒక మాట: "ఈ కరెక్షన్లు ఫైల్లో ఎక్కాయో లేదో చూసి, ఇంకేమైనా ఉంటే దిద్ది రేపటికల్లా పంపండి." ఆ మాటను ఫోను నాకు చక్కగా చదివి వినిపించింది. మిగతా నలభై ఒక్కటీ "ఫొటో" అంది.

నాకు చూపు లేదు. ఆ సంగతి ఆయనకు తెలుసు. పని ఒప్పుకునేటప్పుడే చెప్పాను. మరిచిపోయారు. అందుకు నేనేమీ అనుకోలేదు. పని బాగుంటే మనిషిలో లోటు గుర్తుండదు కదా అని కాస్త గర్వంగా కూడా అనిపించింది. బాధపెట్టింది ఆ తర్వాత జరిగింది. ఫోన్ చేసి, "సార్, ఫొటోలు నాకు పనికిరావు. వర్డ్ ఫైలు పంపండి, రచయితగారిని మార్పులు అందులోనే పెట్టమనండి" అన్నాను. "అయ్యో, మీకెందుకండీ శ్రమ, ఈసారికి వేరేవాళ్ల చేత చూపిస్తాను లెండి" అన్నారు. మర్యాదగానే అన్నారు. ఫైలు పంపడానికి రెండు నిమిషాలు పడుతుంది. నా చేతిలోంచి పుస్తకం తీసేయడానికి ఆయనకు అర నిమిషం కూడా పట్టలేదు.

ఆయన ఒక్కరే అయితే ఆయనతోనే మాట్లాడుకునేదాన్ని. గత పదకొండేళ్లలో ఇలాంటి ఫోన్లు చాలా అయ్యాయి, అందుకే అందరికీ కలిపి రాస్తున్నాను.

నేను పద్దెనిమిదేళ్లుగా ప్రూఫులు చూస్తున్నాను. మొదటి ఏడేళ్లు కళ్లతోనే చూశాను. నాకున్నది రెటినైటిస్ పిగ్మెంటోసా. ముందు రేచీకటి వచ్చింది. తర్వాత చూపు అంచుల నుంచి మూసుకుంటూ వచ్చి, గొట్టంలోంచి చూసినట్టు నడిమధ్య కాస్త మిగిలింది. ఆ కాస్తతోనూ కొన్నాళ్లు పని చేశాను. ఒక్కోసారి ఒక్కో మాటే కనపడేది కాబట్టి కన్ను పక్క మాట మీదికి పరిగెత్తేది కాదు, నిజం చెప్పాలంటే తప్పులు అప్పుడే బాగా దొరికేవి. తర్వాత అదీ పోయింది. అప్పట్నుంచి చెవులతో చూస్తున్నాను.

"చెవులతో ప్రూఫు చూడటమేంటండీ" అని అడిగేవాళ్లకు నేను కాపీ హోల్డర్ సంగతి చెబుతుంటాను. అక్షరాలు చేత్తో పేర్చి కంపోజ్ చేసే రోజుల్లో ప్రూఫు ఇద్దరు మనుషుల పని. ఒకరు, అంటే కాపీ హోల్డర్, రాతప్రతి పట్టుకుని పైకి చదివేవారు. రెండోవారు గ్యాలీ ప్రూఫు మీద వేలు పెట్టుకుని వెంట నడిచేవారు. చదివేవారు మాటలతో సరిపెట్టేవారు కాదు, కామా వస్తే "కామా" అని, పేరా మారితే "పేరా" అని కూడా చెప్పేవారు. నేను పనిలో చేరినప్పుడు మాకు పెద్దదిక్కుగా ఉన్నాయన ఆ రోజుల్లోంచి వచ్చినవాడే. "కన్ను తనకు తెలిసిన మాటనే చదువుకుపోతుందమ్మా. చెవిని అంత తేలిగ్గా మోసం చేయలేం" అనేవాడు. నా కంప్యూటర్లో ఇప్పుడున్నది అలాంటి కాపీ హోల్డరే. దగ్గదు, టీ తాగడానికి లేవదు, విసుక్కోదు.

దాని పేరు ఎన్‌వీడీఏ. 2006లో ఆస్ట్రేలియాలో మైఖేల్ కర్రన్ అనే చూపులేని యువకుడు మొదలుపెట్టిన స్క్రీన్ రీడర్ ఇది, కంప్యూటర్లో ఉన్న రాతను పైకి చదివే సాఫ్ట్‌వేర్. డబ్బు పెట్టి కొనే స్క్రీన్ రీడర్లు కంప్యూటర్ ధరతో పోటీ పడుతున్న రోజుల్లో, చూపున్నవాళ్లు కట్టని సొమ్ము మేమెందుకు కట్టాలన్న పట్టుదలతో మొదలైంది. ఇప్పటికీ ఉచితమే. దానితో పాటు వచ్చే ఈస్పీక్ అనే గొంతు తెలుగు చదువుతుంది. గొంతు అంత బాగుంటుందని చెప్పను. మత్తేభాన్ని బస్టాండులో అనౌన్స్‌మెంట్ చదివినట్టు చదువుతుంది. కానీ ఎంత వేగం పెంచినా మాట విరగదు. మా ఇంటికొచ్చినవాళ్లు ఆ వేగానికి "ఇది తెలుగేనా" అని అడుగుతారు. నాకు అందులో ఒక్క "అని" రెండుసార్లు పడినా ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. పేరు స్క్రీన్ రీడరే గానీ అది తెరను చూడదు. తెర మీద అక్షరం ఎంత అందంగా కనపడుతుందో దానికి అనవసరం. ఫైలు లోపల ఏ అక్షరం దాచి ఉందో అది అడిగి తెలుసుకుని చెబుతుంది. కాబట్టి మీరు కాగితం చదువుతారు, నేను ఫైలు చదువుతాను. ఈ రెండూ ఒకటేనని మీరు అనుకుంటున్నారు. చాలాసార్లు ఒకటి కావు.

ఒక నవల సంగతి చెబుతాను. రచయిత్రి ఫోన్లో సొంతంగా టైపు చేసుకుని పంపారు. వింటూ పోతుంటే ఒకచోట "సుఖ ఓ లేదు" అంది. వెనక్కొచ్చి మళ్లీ విన్నాను. "సుఖ ఓ" అనే అంటోంది. కీబోర్డుకు కుడివైపు అంకెల మీటలుంటాయి కదా, అందులో రెండు నొక్కితే కర్సర్ ఉన్నచోటి అక్షరం చెబుతుంది. వెంటవెంటనే మూడుసార్లు నొక్కితే ఆ అక్షరానికి కంప్యూటర్ లోపల ఉన్న నంబరు చెబుతుంది. నొక్కాను. 111 అంది. మన తెలుగు సున్న నంబరు 3074. 111 అంటే ఇంగ్లీషు చిన్న ఓ. కీబోర్డులో సున్న ఎక్కడుందో దొరక్క ఆవిడ గుండ్రంగా ఉన్న దాన్నేదో పెట్టేశారన్న మాట. అచ్చులో చూస్తే ఆవిడకూ తెలియదు, నాకు ముందు ఆ ఫైలు చూసిన ఇద్దరికీ తెలియలేదు. పుస్తకం మొత్తంలో అరవైకి పైగా చోట్ల ఉన్నాయి. రేపు ఆ నవల ఈబుక్‌గా వచ్చాక ఎవరైనా "సుఖం" లాంటి మాటలు వెతికితే ఆ అరవై చోట్లా దొరకవు. కన్ను చూసి వదిలేసినదాన్ని ఈస్పీక్ పట్టుకుంది.

దిద్దడం ఎలాగో కూడా చెబుతాను, మీలో చాలామందికి అదే అనుమానం. నేను ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు వాడతాను. అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతి కింద, హల్లుల్లో చాలావరకు కుడిచేతి కింద ఉంటాయి. ఎఫ్, జె మీటల మీద చిన్న గీతలు ఉబ్బుగా ఉంటాయి, తడిమి చూడండి. నాకు అవి పొలిమేర రాళ్లు. ఎఫ్ అంటే గుడి, జె అంటే ర. అక్కణ్నుంచి ఊరంతా తెలుస్తుంది. "స్త్రీ" అని కొట్టాలంటే ఆరు మీటలు: స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘం. మీ కంటికి అది ఒక్క అక్షరం, ఫైల్లో మాత్రం ఆరు ముక్కలు. చివర్నుంచి బ్యాక్‌స్పేస్ కొడితే గుడిదీర్ఘం ఒక్కటే ఊడి "స్త్ర" మిగులుతుంది. ముందు నిలబడి డిలీట్ కొడితే ఆరూ ఒక్కసారే పోతాయి. ఈ తేడా తెలియక డీటీపీ నేర్చుకుంటున్న పిల్లలు వత్తు ఒక్కటి మార్చాల్సిన చోట మాట మొత్తం చెరిపి మళ్లీ కొడుతుంటారు. నాకది మొదటి వారంలోనే తెలిసింది, ఎందుకంటే ఊడిన ప్రతి ముక్కా నాకు చెప్పి మరీ ఊడుతుంది.

ఇదంతా యూనికోడ్ ఫైలు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరున్న ఫైలు, అయితేనే. అసలు పేచీ అక్కడే ఉంది.

మన ప్రచురణరంగంలో చాలా భాగం ఇంకా పేజీలు కట్టే పాత సాఫ్ట్‌వేర్ అయిన పేజ్‌మేకర్ మీద నడుస్తోంది. దాని చివరి వెర్షన్ వచ్చింది 2001లో. దానికి యూనికోడ్ తెలియదు. అందుకని దానికోసం తయారైన పాత తెలుగు ఫాంట్లన్నీ ఒక ఉపాయం పన్నాయి: ఫైల్లో ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, నెత్తిన టోపీ ఉన్న ఫ్రెంచి అక్షరాలు పెట్టుకుని, పైకి తెలుగు వేషం వేయించడం. మీకు వేషం కనపడుతుంది. నాకు వేషం వెనక మనిషి వినపడతాడు. అలాంటి ఫైలు తెరిస్తే నా కంప్యూటర్ "క్యాపిటల్ ఏ, డాలర్, ఐ, ఫ్రాక్షన్" అంటూ పూనకం వచ్చినట్టు మాట్లాడుతుంది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిచి చూడండి, నాకు వినపడేదే మీకు కనపడుతుంది.

పాత ఫాంటును యూనికోడ్‌లోకి మార్చే కన్వర్టర్లు ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. వాడుతున్నాను. కన్వర్టర్‌లోంచి బయటికొచ్చిన తెలుగు, వరదనీళ్లలో తడిసి ఎండబెట్టిన పుస్తకంలా ఉంటుంది. ఎక్కడో ఒక వత్తు పక్క అక్షరానికి అంటుకుంటుంది. మధ్యలో ఇంగ్లీషు మాటలుంటే వాటిని కూడా తెలుగు అనుకుని మార్చేసి ఏ భాషా కాని ముద్దలు చేస్తుంది. రచయిత చేసిన తప్పేదో, కన్వర్టర్ చేసిన తప్పేదో విడదీసుకోవడానికే ఒక పూట పోతుంది. ఆ పూటకు మీరు డబ్బులివ్వరు, నేనూ అడగను.

డీటీపీ మిత్రుల్ని నేను తప్పుపట్టడం లేదు. మీకు పేజీకి ఇంతని ఇస్తారు. మూడోసారి, నాలుగోసారి కరెక్షన్లు ఎక్కించినందుకు ఎవరూ అణా ఇవ్వరు. చేయి అలవాటైన ఫాంట్లు, మెప్పు పొందిన అక్షరాల వంపులు అన్నీ ఆ పాత మూటలోనే ఉన్నాయి. అయితే పేజీలు కట్టే కొత్త సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే అమరిక పెట్టుకుంటే యూనికోడ్ తెలుగు వత్తులు సరిగానే పడతాయి. మండలి, రామభద్ర, సూరన్న లాంటి యూనికోడ్ ఫాంట్లు ఉచితంగానే దొరుకుతున్నాయి. పాత పుస్తకాలన్నీ మార్చమని అడగను. కొత్తగా కంపోజ్ చేసేదన్నా యూనికోడ్‌లో చేయండి. లేదా కనీసం, రచయిత మీకు పంపిన ఫైలు యూనికోడ్‌లోనే ఉంటే, దాన్ని మీరు పాత ఫాంటులోకి మార్చకముందే నాకు ఒకసారి పంపండి. ఇప్పుడు రచయితల్లో చాలామంది ఫోన్లోనో లాప్‌టాప్‌లోనో యూనికోడ్‌లోనే రాస్తున్నారు. శుభ్రమైన ఫైలు వాళ్ల దగ్గర మొదలై, మీ దగ్గర వేషం కట్టుకుని, కన్వర్టర్ గుండా కుంటుకుంటూ నా దగ్గరికి వస్తోంది.

పీడీఎఫ్ గురించి ఎక్కువ చెప్పను. స్కాన్ చేసిన పీడీఎఫ్ అయితే నాకది తెల్లకాగితం. యూనికోడ్‌లోంచి చేసిన పీడీఎఫ్ కూడా తెలుగు విషయంలో నమ్మదగింది కాదు. తెర మీద బాగానే ఉంటుంది, అందులోంచి నాలుగు వాక్యాలు కాపీ చేసి నోట్‌ప్యాడ్‌లో పెట్టి చూడండి, సంయుక్తాక్షరాలు చెల్లాచెదురై ఉంటాయి. నాకు వినపడేవి ఆ చెల్లాచెదురైనవే. "ఫైనల్ పీడీఎఫ్ ఒకసారి చూడండి" అన్న మాట వినగానే నాకు టెన్షన్ మొదలవుతుంది.

ఇక వర్డ్ ఫైల్లోనే పని జరిగినా, రంగుల గొడవ ఒకటుంది. "ఎరుపులో పెట్టినవి తీసేయాలి, పసుపులో ఉన్నవి ఒకసారి చూడాలి" అని పంపుతారు. రంగు నాకు అసలు తెలియదని కాదు. ఎన్‌వీడీఏ మీటతో ఎఫ్ కలిపి నొక్కితే అక్కడ ఏ ఫాంటు, ఎంత సైజు, ఏ రంగో చెబుతుంది. కానీ ఎక్కడ నొక్కాలో తెలియాలి కదా. రంగు మారినప్పుడల్లా తనంతట తనే చెప్పమని పెట్టుకోవచ్చు, అప్పుడు కథ తక్కువ, రంగులెక్కువ వినిపిస్తాయి. మూడు వందల పేజీల పుస్తకంలో అలా ఎవరు వినగలరు?

దీనికి మందు వర్డ్‌లోనే ఎన్నో ఏళ్లుగా ఉంది. ట్రాక్ చేంజెస్. కంట్రోల్, షిఫ్ట్, ఇంగ్లీషు E మీటలు మూడూ కలిపి నొక్కండి. ఆ తర్వాత మీరు ఏది చేర్చినా నాకు "ఇన్‌సర్టెడ్" అని, ఏది తీసేసినా "డిలీటెడ్" అని వినపడుతుంది. మీ అనుమానాన్ని కామెంటుగా పెట్టండి. మార్పులు, కామెంట్లు అన్నీ ఒక జాబితాగా తెచ్చుకుని ఒక్కోదాని దగ్గరికి నేరుగా దూకుతాను. ఒప్పుకోవాలంటే ఒప్పుకుంటాను, కాదంటే కింద జవాబు రాస్తాను. రచయిత, సంపాదకుడు, నేను ముగ్గురం ఒకే ఫైల్లో పోట్లాడుకోవచ్చు. ఎవరేమన్నారో చరిత్ర అంతా ఉంటుంది. చూపున్న ప్రూఫ్‌రీడర్లకు కూడా ఇదే మేలు. ఎర్ర పెన్ను గీతను డీటీపీ అబ్బాయి తప్పుగా అర్థం చేసుకుని ఇంకో తప్పు ఎక్కించడం మనందరం చూసిందే.

అధ్యాయాల పేర్లు బోల్డు చేసి, సైజు పెంచి వదిలేస్తారు. నాకు అది మామూలు లైనే. హెడింగ్ స్టైలు పెట్టండి. కంట్రోల్, ఆల్ట్, ఒకటి నొక్కితే చాలు. అప్పుడు నేను అధ్యాయం నుంచి అధ్యాయానికి ఒక్క మీటతో వెళ్తాను. విషయసూచిక మీరు చేత్తో కట్టుకోనక్కర్లేదు, వర్డే కట్టిస్తుంది. కొత్త పేజీ మొదలవ్వాలని పద్నాలుగుసార్లు ఎంటర్ కొట్టే అలవాటు కూడా మానుకోండి. "బ్లాంక్, బ్లాంక్, బ్లాంక్" అని పద్నాలుగు సార్లు వినడం ఎలా ఉంటుందో మీ ఇంట్లో ఎవరి చేతనైనా చెప్పించుకుని చూడండి.

స్పెల్‌చెక్ నాకు సాయం చేస్తుందనుకుంటారు కొందరు. తెలుగు మాట "వెళ్లాల్సివచ్చిందంటున్నారేమిటండీ" అంత పొడుగు సాగగలదని దానికి ఎవరూ చెప్పలేదు. ప్రతి రెండో మాటకీ "స్పెల్లింగ్ ఎర్రర్" అని అరుస్తుంది. ఆపేశాను.

నావల్ల కానివి కూడా చెప్పాలి, లేకపోతే ఇది దుకాణం ముందు కేకేసినట్టు ఉంటుంది. "సందర్బం" అని ఉన్నా "సందర్భం" అని ఉన్నా ఆ వేగంలో ఈస్పీక్ నాకు ఒకేలా వినిపిస్తుంది. అలాంటి మాటల పట్టిక ఒకటి నా దగ్గరుంది, ప్రతి పుస్తకంలోనూ ఒక్కో మాటనూ విడిగా వెతికి చూస్తాను. పట్టికలో లేనిది ఒక్కోసారి జారిపోతుంది. కిందటేడు ఒక పుస్తకంలో జారింది, రచయిత ఫోన్ చేసి చెప్పారు, తలదించుకుని విన్నాను. పేజీ చివర ఒక్క లైను ఒంటరిగా మిగలడం, బొమ్మ కింద మాటలు బొమ్మకు సరిపోకపోవడం, చాపకింద నీరులా మార్జిన్ జరగడం నేను పట్టుకోలేను. పేజీలు పెట్టాక ఆ పని చూపున్నవాళ్లు చేయాల్సిందే. అది వేరే పని, వేరే మనిషికి ఇవ్వండి. వాక్యాన్ని నాకు ఇవ్వండి.

ఫైలు పంపడానికి మీలో కొందరికి ఇంకో భయం ఉంది. వర్డ్ ఫైలు బయటికి పోతే పుస్తకం ఊరంతా తిరుగుతుందని. ఒక ప్రచురణకర్త నాతో నోరు తెరిచి అన్నారు కూడా. ఆ భయాన్ని తీసిపారేయను, మీ పెట్టుబడి మీది. కానీ వాట్సాప్ గ్రూపుల్లో తిరిగే తెలుగు పుస్తకాలను చూడండి, ఎక్కువ భాగం అచ్చు పుస్తకాన్ని స్కాన్ చేసినవే. దొంగకు మీ వర్డ్ ఫైలుతో పనిలేదు, అది అవసరమైంది నాలాంటివాళ్లకే. చదువుకోవడం విషయానికొస్తే చట్టం ఎప్పుడో ఒక దారి వేసింది. 2012లో కాపీరైట్ చట్టం 52వ సెక్షన్‌కు చేసిన సవరణ ప్రకారం, అచ్చు చదవలేనివాళ్ల కోసం పుస్తకాన్ని వాళ్లు వాడుకోగల రూపంలోకి మార్చడం నేరం కాదు. ఈ విషయంపై 2013లో మొరాకోలోని మరాకేష్‌లో కుదిరిన అంతర్జాతీయ ఒప్పందాన్ని అందరికంటే ముందు ఆమోదించిన దేశం మనదే, 2014లో. ఇంత ముందు నడిచిన దేశంలో ఒక తెలుగు నవల చదవాలంటే నేను ఇప్పటికీ దాన్ని పేజీ పేజీ స్కాన్ చేసుకుని, బొమ్మలోంచి అక్షరాలు గుర్తుపట్టే ఓసీఆర్ "మ"ను "వు" అనుకుంటే మనసులో సరిచేసుకుంటూ వినాలి. 2011 జనాభా లెక్కల్లో మన దేశంలో చూపు ఇబ్బంది ఉన్నవాళ్లు 50 లక్షల పైమాటే. వాళ్లలో తెలుగు చదివేవాళ్లు మీ పాఠకులు కాగలరు. కానీ ఈ లేఖలో నేను పాఠకురాలిగా అడగడం లేదు, పని చేసే మనిషిగా అడుగుతున్నాను. మీ దగ్గర పని ఉంది, నా దగ్గర చెవులున్నాయి. మధ్యలో ఫైలు ఒక్కటే అడ్డం.

సంపాదకులకు ఒక్క కోరిక. మీరు ఈసారి ఏ పుస్తకానికో, ప్రత్యేక సంచికకో ప్రూఫులు ఇవ్వబోతుంటే, అందులో పది పేజీలు యూనికోడ్ వర్డ్ ఫైలుగా నాకు పంపండి. అవే పది పేజీలు ప్రింటు తీసి మీ పాత ప్రూఫ్‌రీడర్‌కూ ఇవ్వండి. ఇద్దరివీ పక్కపక్కన పెట్టి చూడండి. ఆయన పట్టుకున్నవి కొన్ని నేను వదిలేసి ఉంటాను, అది నాకు తెలుసు. నేను పట్టుకున్నవి ఆయన ఎన్ని వదిలేశారో అప్పుడు మీకు తెలుస్తుంది. ఆ తర్వాత పని ఇవ్వాలో వద్దో మీ ఇష్టం. "మీకు శ్రమ" అన్న మాట మాత్రం అనకండి. శ్రమకే కదండీ మీరు డబ్బులిచ్చేది.

ఉంటాను.

ఇట్లు,
ఒక ప్రూఫ్‌రీడర్

తా.క.: ఈ లేఖ నేనే టైపు చేసి, నేనే దిద్దుకున్నాను. తప్పులేమైనా దొరికితే సంతోషంగా చెప్పండి. ఎర్ర పెన్నుతో సున్న చుట్టి ఫొటో మాత్రం పంపకండి, ఆ వాక్యాన్ని టైపు చేసి పంపండి.